మిద్దె మీద ఫైనల్

పోయిన ఎండాకాలం కదిరిలో మా ఆయన ప్రొజెక్టర్ కొన్నారు. వెలుగు ఎక్కువున్నది తీసుకోమని అంగడతను చెప్పినా వినలేదు. బొమ్మ గోడంత పడేదే కావాలని పట్టుబట్టి తెచ్చారు. ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగే క్రికెట్ ఫైనల్‌కు వీధి మొత్తాన్నీ మా మిద్దె మీదికి పిలిచారు.

ఆ ఎండలో కామెంటరీ మాటలు వినిపించాయే గానీ మెట్లగది గోడ మీద బొమ్మ కంటికి ఆనలేదు. ఆయన వెంటనే చుట్టూ కంబళ్లు కట్టి, అందర్నీ లోపల కూర్చోబెట్టారు. కాసేపటికి పక్కింటి రామక్క చెమటలు కక్కుతూ లేచింది.

"ఏమప్పా, ఆట చూపిస్తాండావా, మమ్మల్ని ఉడకబెడ్తాండావా?"

అందరూ గొల్లుమన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

జనమంతా రామక్క ఇంటి టీవీ దగ్గరికి వెళ్లిపోయారు. నేను కంబళ్లు విప్పి అక్కడికి వెళ్లేసరికి, ముందు వరసలో మా ఆయనే!

"బొమ్మ మరీ చిన్నగా ఉండాది గదక్కా" అని వంకలు పెడుతున్నారు.

ప్రొజెక్టర్‌కు బొమ్మ సైజు కన్నా వెలుగే ముఖ్యమని ఆ రోజు వీధంతటికీ తెలిసింది, ఆయనకు తప్ప.