మోటారు పడవకు మడత గూడు

మా అక్కను తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవలసిన ఏడే మా చిన్నాయన మోటారు పడవ కొన్నాడు. ఆ రెండూ ఒకే ఎండాకాలంలో కలిసి రావడం వల్లనే నాకు పడవల సంగతి చదివే యోగం పట్టింది.

కర్నూలు రాజధాని అయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. టౌను నిండా ఆఫీసుల గుడారాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గుమాస్తాలు. ఆ హడావుడిలో నాకు దక్కిన భాగ్యం ఒకటే, గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు రావడం. ఐదో తరగతితో బడి మానేసి అక్కడి సైకిల్ షాపులో చేరినవాణ్ణి నేను. పగలు రిక్షాలకు పంక్చర్లు వేసేవాణ్ణి, వాటి మడత టోపీలు బాగుచేసేవాణ్ణి. సాయంత్రం చేతుల మసి సున్నిపిండితో తోముకొని గ్రంథాలయం మెట్లెక్కేవాణ్ణి. ఇంగ్లీషు కూడా అక్కడే, నిఘంటువు పక్కన పెట్టుకొని, మాట తరువాత మాట పట్టుకున్నాను. ఈ రోజుకూ నేను చదివింది ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఆ మెట్లే చెబుతాను.

మా ఊరు టౌనుకు ఎగువన, తుంగభద్ర ఆనకట్ట వెనక. అక్క మెట్టినిల్లు సరిగ్గా ఎదురు గట్టున. అప్పట్లో అది వేరే రాష్ట్రం. ఆనకట్ట వల్ల అక్కడ వేసవిలో కూడా నీళ్లు నిలుస్తాయి. చిన్నాయన ఆ నీళ్లలో జనాన్ని అటూ ఇటూ దాటించేవాడు. పడవ చిన్నది, పైన ఏమీ లేదు. వెనక మోటారు, దాని పక్కన చిన్నాయన, మధ్యలో రెండు బల్లలు. వైశాఖంలో ఆ బల్లల మీద చేయి పెడితే పెనం మీద పెట్టినట్టే.

అక్కను పంపడానికి మంచి గడియ అడిగితే అయ్యవారు అభిజిత్ లగ్నం చెప్పాడు. అంటే మిట్టమధ్యాహ్నం. ఆ నెలలో అదొక్కటే కుదిరింది, అది దాటితే మూఢం. బండిలో తేవాలంటే టౌను దాకా పోయి వంతెన దాటి రావాలి, దారంతా రాళ్లు. నిండు నెలల మనిషిని ఆ కుదుపుల్లో వేయడానికి ఎవరికీ మనసు రాలేదు. మిగిలింది పడవ. అక్క అత్తగారు దానికి ఒప్పుకుంటూనే ఒక ముడి వేసింది.

“అన్నా, నా కోడలి మాడు మీద ఎండ పడగూడదు. పడే పనైతే కాన్పు ఈడనే జరుగుతాది” అని చిన్నాయనతో తేల్చి చెప్పింది.

ఈ మాట విన్నప్పటి నుంచి మా అమ్మకు అన్నం సహించలేదు. తొలి కాన్పు తన చేతుల మీదుగా జరగాలని ఆమె అప్పటికే పాత చీరలు చించి ఉతికి పెట్టుకుంది.

చిన్నాయన దీన్ని చిటికెలో తేల్చేశాడు. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఎప్పుడైనా గూడు బండిలోనే కదా వస్తుంది, బండి గూడు ఎత్తి పడవ మీద పెడితే సరి అన్నాడు. అది అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. వెదురు బద్దల గూడు, పైన ఈత చాప, ముందొక పరదా. పడవకు మోకులతో కట్టి చూస్తే పెళ్లిబండిలా ముచ్చటగా ఉంది. నేను లోపల కూర్చున్నాను, చిన్నాయన మోటారు తిప్పాడు.

గట్టు వదిలిన కాసేపటికే పడమటి గాలి ఆ చాపను పట్టుకుంది. పడవ గానుగెద్దులా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బండి తోలేవాడు గూటికి ముందు కూర్చుంటాడు. పడవ నడిపేవాడు వెనక కూర్చుంటాడు. ఈ తేడా మాలో ఒక్కరికీ తట్టలేదు. చిన్నాయనకు ఎదురుగా చాప తప్ప ఏరు కనబడలేదు. నేను పరదాలోంచి తల బయటపెట్టి కుడికి, ఎడమకు అని అరుస్తుండగానే పడవ పోయి ఇసుక తిన్నె ఎక్కి కూర్చుంది. ఆ తిన్నె మీద కర్బూజాలు పండించే ముసలాయన చేతిలో తీగ వదిలేసి మా చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి చూశాడు.

“బండి బాగుండాదప్పా. ఎద్దుల్ని యాడ మర్సినారు?” అన్నాడు.

చిన్నాయన ఆ పూటే గూడు విప్పి మళ్లీ బండికే కట్టేశాడు.

మరుసటి సాయంత్రం నేను గ్రంథాలయంలో పడవల పుస్తకం ఉందా అని అడిగాను. పాత ఇంగ్లీషు పుస్తకమొకటి అడుగు అరలోంచి దుమ్ముతో బయటికొచ్చింది. అందులో మా పడవంతే ఉన్న పడవ బొమ్మ. దాని మీద గుడ్డ పందిరి, వంచిన కమ్మీలు, ముందుకూ వెనక్కూ లాగి కట్టిన తాళ్లు. కింద రాసిన ప్రతి మాటకూ నిఘంటువు తిప్పాను. పక్కలు తెరిచి ఉంచాలట, గాలి దూరి పోవాలట. గుడ్డ జెండాలా కొట్టుకోకూడదు, డప్పులా బిగియాలట. గాలి పెరిగితే మడిచేయాలట. మడవడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. కమ్మీల కాళ్లన్నీ ఒకే మేకు మీద కలుస్తున్నాయి. ఇది నేను రోజూ బాగుచేసే రిక్షా టోపీ కదా! పెద్ద గొంతుతోనే అన్నట్టున్నాను, పక్కన పేపరు చదివే ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు.

చిన్నాయనకు బొమ్మ గీసి చూపించాను. ఆయనకు ఇంకా ఇసుక తిన్నె మంట చల్లారలేదు.

“ఆ పుస్తకం రాసినాయప్పకు మన ఎండ తెలుసునా?”

“ఎండ తెలీకుంటే నీడ యాల కుట్టినాడు చిన్నాయనా?”

ఆయన మీసం కింద నవ్వు దాచుకున్నాడు. సరే కానీరా పండితుడా అన్నాడు.

కమ్మరి మూడు కమ్మీలు వంచి ఇచ్చాడు. గుడ్డ కోసం వెతకనే పనిలేదు, టౌనులో చిరిగిన గుడారం ముక్కలు ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. మా అమ్మే గోనె సూదితో కుట్టింది. కుట్టేటప్పుడు ప్రతి కుట్టునూ లాగి చూసేది. కమ్మీల కాళ్లను ఆ పక్క అంచుకూ ఈ పక్క అంచుకూ ఒక్కో మేకు మీద బిగించి, ముందు తాడు, వెనక తాడు లాగి కట్టాక గుడ్డను వేలితో కొట్టాను. డప్పు మోగినట్టే మోగింది.

అయ్యవారు చెప్పిన రోజు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎదురు గట్టున ఉన్నాము. అత్తగారు ముందు తానే ఎక్కి బల్ల మీద కూర్చొని, తల పైకెత్తి గుడ్డంతా చూసింది. చిల్లు ఎక్కడా కనబడలేదేమో, దిగి వచ్చి కమ్మీలకు వేపరెమ్మలు కట్టింది. అక్క ఒడిబియ్యం పట్టుకొని కూర్చుంది. చిన్నాయన గుడ్డ కింది నుంచి ముందున్న ఏరునంతా చూసుకుంటూ మోటారు తిప్పాడు.

సగం దూరంలో ఆ పడమటి గాలి మళ్లీ వచ్చింది. గుడ్డ ఉబ్బింది, పడవ ఒక పక్కకు ఒరిగింది, అక్క నా భుజం పట్టుకుంది. చిన్నాయన గూడు మడిచేయమని కేకవేశాడు. మడిస్తే అక్క మాడు మీద ఎండ. మడవకుంటే పడవ నిలవదు. పుస్తకంలో సగం మడిచిన బొమ్మ లేదు. కానీ రిక్షా టోపీని సగం మడవడం నా చేతులకు తెలుసు. ముందు తాడు విప్పేశాను. ముందు కమ్మీ వెనక్కి వచ్చి నడిమి కమ్మీ మీద ఒరిగింది.

“అక్కా, యెనక్కి జరుగు!”

ఆమె వెనక బల్లకు జరిగింది. మిగిలిన సగం నీడ ఆమెకు చాలింది. గాలికి సగం గుడ్డే దొరికింది. పడవ నిటారుగా నిలబడింది. మిగిలిన గూడు కూడా వెనక్కి పడిపోకుండా నేను ఆ తాడు చేతికి చుట్టుకొని, గట్టు తగిలేదాకా ముందు కొసన ఎండలోనే నిలబడ్డాను. ఎండ ఉన్నట్టే తెలియలేదు. చదివిందీ చేసిందీ ఒకటై కళ్లముందు నీళ్ల మీద పోతుంటే ఇంకేం తెలుస్తుంది!

అమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో మోకాటి లోతు నీళ్లలోకి వచ్చేసింది. దిష్టి తీయడానికి ముందే అక్క పాపట మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకుంది.

“సల్లగుండాది” అంది.

తరువాత ఎందుకో ఆ చేయే నా తల మీద పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

“నీ మాడు పెనం మాదిరి కాల్తాంది కదరా నాయనా” అంటూ, అక్క కోసం తెచ్చిన మజ్జిగ చెంబు ముందు నా చేతికిచ్చింది.