చిల్లగింజలు

మనవరాలి వంటింట్లో కొత్త నీళ్ళ ఫిల్టరు చూడగానే చిల్లగింజలు గుర్తొచ్చాయి. అది దొరల కాలం, నాకు ఏడేళ్ళు. వానలకు మేం నీళ్ళు తెచ్చుకునే వాగు, నర్సీపట్నం గెడ్డలో ఎర్రటి నీళ్ళు వచ్చేవి. నాయనమ్మ ఓ చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపేది. పొద్దెక్కేసరికి నీళ్ళు తేటపడేవి. గింజ బురదను తినేస్తుందని నా గట్టి నమ్మకం. అందుకే ఊరంతటికీ మేలు చేద్దామని ఇంట్లో ఉన్న గింజలన్నీ గెడ్డలో పోసి వచ్చాను.

“గింజ బురద తినదే పిల్లా, అడుక్కి దింపుద్దంతే. పారే గెడ్డలో ఏటి దిగుద్ది సెప్పు?” అంది నాయనమ్మ. ఆ వారమంతా ఎర్రనీళ్ళే తాగాం.

ఇప్పుడు ఫిల్టరు నుంచి ఓ సన్నటి గొట్టం మురికినీళ్ళను కిటికీ బయట కాలువలోకి వదులుతోంది.

“ఈ మురికి ఎక్కడికి పోతుందే?” అన్నాను.

“ఎక్కడికో పోద్దిలే మామ్మా!” అంది మనవరాలు.

ఏడేళ్ళప్పుడు నేనూ అంతే ధీమాగా ఉండేదాన్ని.