వేదాద్రి రేవులో తిరిగిన లైటు

నమ్మితే నమ్మండి, లేదంటే నవ్వుకోండి. నా కూతురి మీద ఒట్టేసి చెబుతున్నాను... ఒక్క ముక్క కల్పించలేదు. ఆ పిల్ల ఇవాళ ఉందంటే ఆ రాత్రి వల్లే.

అరవైల్లో మాట. జగ్గయ్యపేటలో రేడియోలు బాగుచేసేవాణ్ణి. యుద్ధకాలపు పాత సామాన్లలో రెండు జతల మోటార్లు దొరికాయి. జతలో ఏ ఒక్కదాన్ని తిప్పినా తీగ చివరనున్న రెండోది కూడా అంతే తిరుగుతుంది, కరెంటు ఉన్నంతసేపు. వాటితో వేదాద్రి రేవులో పడవలకు దారి చూపే లైటు కట్టాను. ఒడ్డున గుంజ మీద లారీ హెడ్‌లైటు, అది బ్యాటరీతో వెలుగుతుంది. దూరంగా పాకలో, నా ముందు చిన్న కర్రపిడి. పిడి పక్కకి వంచితే లైటు పక్కకి, వెనక్కి లాగితే పైకి. పడవ నడిపే నాగయ్య దాన్ని నా ఆటబొమ్మ అనేవాడు.

ఆ సాయంత్రం కబురొచ్చింది. కృష్ణకు అవతల, పుట్టింట్లో ఉన్న నా భార్య మార్తకు నొప్పులు. కాన్పు కష్టంగా ఉందట, పేట ఆసుపత్రికి తెస్తున్నారట. నాగయ్య పడవ వేసుకుని వెళ్ళాడు. నేను పిడి పట్టుకుని కూర్చున్నాను.

చీకటి పడింది. గాలి లేచింది. ఉన్నట్టుండి పాకలో బల్బు ఆరిపోయింది... కరెంటు పోయింది. గుంజ మీద లైటు వెలుగుతూనే ఉంది, కానీ ఖాళీ నీళ్ళకేసి చూస్తూ ఆగిపోయింది. పిడి అటూ ఇటూ వంచాను. లైటు కదల్లేదు. పరిగెత్తి చేత్తో తిప్పుదామని లేచాను.

అప్పుడు వినిపించింది. "రత్నం..."

నా పేరే. నీళ్ళవైపు నుంచి. సన్నగా.

మా వైపు రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుదాకా పలకరు. ముందే పలికితే, పిలిచిందేదో వెంట తీసుకుపోతుందని భయం. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాణ్ణి, దయ్యాల్లేవని బజారులో వాదించేవాణ్ణి... నోరు మూసుకుని, మళ్ళీ పిడి పట్టుకుని కూలబడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"రత్నం..." రెండోసారి.

మూడోదాని కోసం ఆగాను. రాలేదు.

కిర్ర్... అని చిన్న చప్పుడు. పిడి... నా అరచేతిలో... దానంతటది వంగుతోంది. నెమ్మదిగా. గుంజ దగ్గర ఎవరో లైటును చేత్తో పట్టుకుని తిప్పుతున్నట్టు. చూశాను. అక్కడ మనిషి లేడు. వెలుగు నీళ్ళ మీద పాకింది... కాస్త కిందికి వంగింది... ఆగింది.

అక్కడ పడవ. రేవు దాటి కొట్టుకుపోతోంది. ముందు బండరాళ్ళు. వెలుగులో రాళ్ళు చూసి నాగయ్య గడ వేసి పడవను ఒడ్డువైపు తిప్పాడు.

ఒడ్డుకు రాగానే మార్త చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "పిలిచావు కదా నాగయ్యా, పలకలేకపోయా. తప్పైపోయింది," అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "మేమెక్కడ పిలిచాం అబ్బాయ్? రాత్రేళ నీళ్ళ మీద పేరెట్టి ఎవరన్నా పిలుస్తారా?"

తెల్లారకముందే పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

గాలికి లైటు తిరిగిందంటారా? తిరిగి ఉండొచ్చు. కానీ కరెంటు లేనిదే పాకలో పిడి దాని వెంట కదలదు. కట్టింది నేను, నాకు తెలీదా? పిలిచిందెవరో మాత్రం ఇప్పటికీ తెలియదు. చెడ్డదైతే కాదు.

అప్పటి నుంచి రాత్రి ఎవరు పిలిచినా, మొదటి పిలుపుకే పలుకుతున్నాను.