ఉస్తీన్యా గీసిన గడ్డం

పీటర్స్‌బర్గ్‌లో కాలువ పక్కన మేముండే మేడ కింద ఎఫ్రేం మంగలి కొట్టు ఉండేది. మనిషి మంచివాడే, కానీ వోద్కా అతని చేతుల్ని తినేసింది. పొద్దున్నే అతని గడ్డం కూడా భార్య ఉస్తీన్యాయే గీసేది. కత్తులు నూరేదీ ఆవిడే. ఆడది గడ్డం గీస్తుందంటే ఎవరూ కొట్టు మెట్టెక్కరు కాబట్టి బయటవాళ్లకి తెలియనిచ్చేవారు కాదు.

ఆ శరత్కాలంలో ఎఫ్రేం ఒక గుమాస్తా చెంప కోశాడు. ఆ గుమాస్తా నేరుగా ఠాణాకి పోయాడు. మర్నాడు మా పేట పోలీసు అధికారి తెరేంతి సావిచ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకో మొహం మీద గీత పడిందని విన్నానో, కొట్టు మూయించి నిన్ను లోపల తోయిస్తా. వినబడిందా?"

"వినబడింది దొరగారూ."

కొన్నాళ్లకి జార్ చక్రవర్తి పుట్టినరోజు వచ్చింది. అధికారులంతా నున్నగా గీయించుకుని కవాతుకి వెళ్లాలి. నేను నిప్పు కోసం కిందికి దిగి ఉస్తీన్యాతో మాట్లాడుతుండగా తలుపు తోసుకుని తెరేంతి సావిచ్ వచ్చాడు. ఆయన మంగలికి జ్వరమట.

"త్వరగా కానీ" అని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

ఎఫ్రేం రాత్రి తాగిన మత్తు ఇంకా దిగలేదు. చేతిలో సబ్బుగిన్నె గలగలలాడింది. కత్తి అందుకున్నాడు, దాని అంచు గాలిలో వణికింది. ఉస్తీన్యా మాట్లాడకుండా అతని వేళ్లు విప్పి కత్తి లాక్కుంది. మాట్లాడుతూ ఉండమని మొగుడికి కళ్లతో సైగ చేసింది.

"చలి ముదిరిందండి దొరగారూ" అన్నాడు ఎఫ్రేం ఆమె భుజం వెనకనుంచి.

"ఊఁ."

"కాలువ గడ్డకట్టేసేలా ఉందండి."

ఒక చెంప అయింది. రెండోదీ అయింది. కత్తి గొంతు మీదికి దిగింది. నేను నిప్పు సంగతే మరిచిపోయి గోడకి అతుక్కుపోయాను. సరిగ్గా అప్పుడే ఎఫ్రేంకి తుమ్ము వచ్చింది. ఆపుకోలేక పక్కకి తిరిగి గట్టిగా తుమ్మాడు.

తుమ్ము ఒకచోట, చెయ్యి ఇంకోచోట! తెరేంతి సావిచ్ కళ్లు తెరిచాడు.

"ఆడదానివా!"

"కదలకండి దొరగారూ" అంది ఉస్తీన్యా మెల్లగా. "మాట్లాడినా తెగుతుంది."

ఆయన మొహం ఎర్రబడింది. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ఆవిడ మాత్రం కంఠం చుట్టూ తీరిగ్గా, ఒక్క వెంట్రుక మిగలకుండా గీసి, తడిగుడ్డతో తుడిచింది. ఆయన లేచి అద్దంలో చూసుకున్నాడు. అరచేత్తో తడుముకున్నాడు. ఎక్కడా ఒక్క గీత లేదు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"అయిపోయాం" అన్నాడు ఎఫ్రేం. ఠాణాలో తినడానికి రొట్టె మూట కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కొట్టు మూసేశాడు. మెట్ల మీద బూటు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఉస్తీన్యా క్యాబేజీ చారు కాచింది కానీ ఎవరూ ముట్టలేదు.

సాయంత్రం పోలీసు జవాను వచ్చాడు. ఎఫ్రేం మూట చంకన పెట్టుకుని ముందుకొచ్చాడు.

"నువ్వు కాదయ్యా, మీ ఆవిడ. రేపు పొద్దున దొరగారింటికి రావాలట. వెనక గుమ్మంలోంచి. కత్తి తెచ్చుకోమన్నారు."

అలా మొదలైంది. ఒక అధికారి చెవిలో ఇంకో అధికారి చెప్పగా, మా పేటలో వెనక గుమ్మాలన్నీ ఆవిడకి తెరుచుకున్నాయి. ఎఫ్రేం మొదట్లో సిగ్గుపడి తెగ తాగాడు. తర్వాత తనే ఆవిడ కత్తులు నూరిపెట్టడం మొదలుపెట్టాడు.

చాలా ఏళ్లకి అతను పోయినప్పుడు ఉస్తీన్యా అందర్నీ బయటికి పంపి, శవానికి తనే గడ్డం గీసింది. పాతిపెట్టిన మర్నాడే సంచీ పట్టుకుని తెరేంతి సావిచ్ ఇంటికి బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్లాను. అప్పటికి ఆయన జుట్టు నెరిసింది.

ఆవిణ్ణి చూసి ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఇవాళ్టికి మానెయ్యకపోయావా, ఉస్తీన్యా లుకీనిష్నా?" అన్నాడు. తండ్రి పేరుతో కలిపి, అంత మర్యాదగా పిలవడం అదే మొదటిసారి.

"గడ్డం ఆగుతుందా దొరగారూ? కూర్చోండి" అంటూ ఆవిడ సబ్బు నురగ కలపసాగింది.