పైగది విదేశం

అక్కకు రిహార్సల్ పిచ్చి. ఏ పనైనా సరే, ముందు ఉత్తుత్తిగా ఒకసారి చేసి చూసుకుంటే గాని నిజంగా చెయ్యదు. పన్ను పీకించుకోవాల్సి వచ్చినప్పుడు వారం ముందు నుంచే రోజూ పడక్కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుంది. "ఏమైందక్కా?" అని తమ్ముడు హడలిపోయి అడిగితే నోరు మూయకుండానే "ఆ... ఆ..." అంది. అలవాటు చేసుకుంటోందని తర్వాత తెలిసింది. ఆ అలవాటు ఎంత బాగా పట్టిందంటే, పన్ను ఊడి చేతికొచ్చాక కూడా నోరు మూతపడలేదు. చివరికి డాక్టరే గడ్డం పట్టుకుని మూశాడు.

ఆ ఇంట్లో రిహార్సల్ లేకుండా జరిగింది ఒక్కటే, తమ్ముడి భార్య పోవడం. పొద్దున్నే టీ తాగింది, కప్పు కడిగి బోర్లించింది, అలా కుర్చీలో ఒరిగిపోయింది. అంతే. తమ్ముడికి బజార్లో కళ్లజోళ్ల షాపు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి ఆ రోజు నుంచి కళ్లెదుట ఉన్నదేదీ కనబడటం మానేసింది. పదిరోజులుండి పోదామని వచ్చిన అక్క పైగదిలో చాపా పెట్టే వేసుకుని ఉండిపోయింది. ఆవిడ కాసేపు బయటికెళ్లినా చాలు, ఇంత వయసు మగాడూ గుమ్మంలో కూర్చునేవాడు గాని లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. పొయ్యి ముట్టుకోలేదు. బోర్లించిన ఆ కప్పు బోర్లించినట్టే ఉంది.

అక్క పని కుర్చీలు అల్లడం. బెత్తాన్ని సన్నటి పేళ్లుగా చీల్చి, నీళ్లలో నానబెట్టి, చట్రం చుట్టూ ఉన్న కంతల్లోంచి దూర్చి అల్లుతుంది. ఆవిడకు తెలిసిన పద్ధతిలో ఇద్దరు మనుషులుండాలి. పైనుంచి ఒకరు దూరుస్తారు, కింద కూర్చుని ఇంకొకరు లాగుతారు. ఇన్నేళ్లూ కింద కూర్చుని లాగింది మరదలే. వదినా మరదళ్లిద్దరూ కలిసి ఈ అల్లికల మీద పుస్తకం కూడా మొదలుపెట్టారు. ఆఖరి అధ్యాయం మిగిలుండగా కింద కూర్చున్న మనిషి లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి అక్క పేళ్లు నానబెట్టడం, ఎండబెట్టడం, అంతే. అల్లడం లేదు.

అలాంటిది ఒకరోజు కంచం ముందు కూర్చుని, "విదేశం వెళ్తున్నాన్రా. ఒక్కదాన్నే," అంది.

తమ్ముడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు?"

"అక్కడో ముసలావిడ పైనా కిందా తనే అయి అల్లుతుందట. ఒక్కతే! అదెలాగో చూడాలి. ఆఖరి అధ్యాయం అదే."

"ఎన్నాళ్లు?"

"నేర్చుకునేదాకా."

మరి నేనేమైపోను అని అడగాలనిపించింది తమ్ముడికి. పైకి మాత్రం, "మరి... పాలవాడికి ఎవరు చెప్తారు?" అన్నాడు.

"పాలవాడికి నేను ఊరెళ్తే ఏం, ఉంటే ఏం? పాలు తాగేది నువ్వు!" అంది అక్క.

ఇక మొదలైంది చూడండి. హాల్లో మూడు కుర్చీలు ఆనించి వేసి అది విమానమంది. కిటికీ పక్కన పక్కింటి డ్రాయింగు టీచరు, నడుమ అక్క, చివర తమ్ముడు. టీచరు తలనొప్పిగా ఉందని లేవబోతే, "గాల్లో ఉన్నాం, ఎక్కడికండీ దిగుతారు?" అని కూలేసింది. ఆ దేశం భాషలో ఒకే ఒక్క వాక్యం నేర్చుకుంది. ‘నేను కుర్చీల కోసం వచ్చాను’ అని దాని అర్థం. దాన్ని పాలవాడికి చెప్పింది, కరెంటు మీటరు చూసేవాడికి చెప్పింది, గోడ మీద పిల్లికీ చెప్పింది. టీచరొక్కతే మెచ్చుకుంది, పాట చాలా బాగుందని.

తమ్ముడికి ఆ దేశపు పాస్‌పోర్టు ఆఫీసరు వేషం పడింది. షాపులోంచి నల్లకళ్లద్దాలు తెచ్చి పెట్టుకుని బల్ల వెనక కూర్చున్నాడు.

"ఎందుకొచ్చారు?"

"కుర్చీల కోసం."

"మీ దేశంలో కుర్చీలు లేవా?"

"ఉన్నాయి."

"మరి ఇక్కడికెందుకు?"

"ఏరా, ఎదురు ప్రశ్నలా? చిన్నంతరం పెద్దంతరం లేదూ?"

"అక్కా, నేను ఆఫీసర్ని."

"అయితే? ఆఫీసరువైతే అక్కను కాకుండా పోతానా?"

నవ్వొచ్చే మాటే. తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. తను ఒక్కడూ మిగిలిపోవడానికి ఇన్ని వేషాలా అని లోలోపల కుమిలిపోయాడు. మనిషి పోయిన ఇంట్లో ఇంకో మనిషి ఇంత హుషారుగా పెట్టె సర్దుకోవడం ఆయనకు కళ్లల్లో కారం కొట్టినట్టుండేది. అక్కకు తన గోడు పట్టలేదనుకున్నాడు.

అప్పుడొచ్చింది అసలు రిహార్సల్. "రేపు పొద్దున వెళ్తున్నా," అంది అక్క.

"టికెట్టు వచ్చే నెలకు కదా!"

"అది నిజంగా వెళ్లడం. ఇది అలవాటు చేసుకోవడం."

పొద్దున్నే పెట్టె పట్టుకుని గేటు దాటింది. వీధంతా చుట్టి మళ్లీ అదే గేట్లోంచి వచ్చి, బయటి మెట్ల మీదుగా పైగదికి ఎక్కేసింది. తలుపు దగ్గర నిలబడి, "ఇక నన్ను కేకేసి పిలవకు. మధ్యలో సముద్రం ఉంది. మరీ ప్రాణం మీదికొస్తే ఫోన్ చెయ్యి," అని గడియ పెట్టుకుంది.

తమ్ముడికి గుడ్డు దగ్గరే ప్రాణం మీదికొచ్చింది. "అక్కా, గుడ్లు ఎంతసేపు ఉడకాలి?"

జవాబు ఫోన్లోంచీ, పైకప్పులోంచీ ఒకేసారి వినబడింది. "నాకిక్కడ అర్ధరాత్రిరా! నిద్ర చెడగొడతావేం?"

"ఎండ మాడ్చేస్తోంది కదక్కా!"

"అది నీకక్కడ. నాకిక్కడ కాదు." పెట్టేసింది.

నీళ్లన్నీ ఇగిరిపోయి గుడ్లు టపాసుల్లా పేలాయి. ఆ వాసనకి టీచరు పరుగెత్తుకొచ్చి, కిటికీలు తెరిచి, నవ్వాపుకోలేక వెళ్లిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఇల్లు మీద పడ్డట్టయింది తమ్ముడికి. గుమ్మంలో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి చీపురుకర్ర తీసుకుని లోపలికెళ్లి పైకప్పు మీద రెండు దెబ్బలు కొట్టాడు. టక్, టక్. క్షణం ఆగి పైనుంచి ధన్, ధన్ అని రెండుసార్లు కాలు తాటించిన చప్పుడు. సముద్రం అవతలి నుంచి కాలి చప్పుడు వినబడకూడదు, అది రూలు. ఆ మాట అక్కా ఎత్తలేదు, తమ్ముడూ ఎత్తలేదు.

అలా రోజులు గడిచాయి. కడగని కప్పులు తొట్టి నిండా పేరుకున్నాయి. ఒక పొద్దున టీ కాచుకుని చూస్తే పొయ్యడానికి కప్పు లేదు, ఆ బోర్లించి ఉన్నది తప్ప. తమ్ముడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. టీ చల్లారింది, మళ్లీ వేడిచేశాడు. ఆఖరికి కప్పు తిప్పి అందులోనే పోసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంటూ తాగాడు. తాగి, దాన్ని కడిగి, దాంతోపాటు మిగతావన్నీ కడిగి, బోర్లించి షాపుకెళ్లాడు. ఆ సాయంత్రం చీపురుకర్ర సంగతే మర్చిపోయాడు.

పైనుంచి ఫోన్. "ఏరా, ఉన్నావా పోయావా?"

"ఇప్పుడే గుడ్లు చేసుకుని తిన్నానక్కా. బాగానే ఉడికాయి."

"సరే, పడుకో," అని పెట్టేసింది. మర్నాడు పెట్టెతో సహా విదేశం నుంచి దిగొచ్చింది. తమ్ముడు పెట్టిన టీ తాగి, "ఇంతకంటే విమానంలో టీ బాగుంటుంది," అని తేల్చేసింది.

నిజంగా వెళ్లే రోజు రానే వచ్చింది. విమానాశ్రయంలో చూడాలి అక్క అవతారం! వెళ్లేవాళ్ల వరుస వదిలి వచ్చేవాళ్ల గుమ్మంలోకి దూరబోయింది. పాస్‌పోర్టు అడిగిన అమ్మాయికి కళ్లజోడు పెట్టె ఇచ్చింది. "ఎందుకు వెళ్తున్నారండీ?" అని ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. అక్క నోరు తెరిచింది, పన్ను పీకించుకునేటప్పుడు తెరిచినంత. మాట మాత్రం రాలేదు.

"కుర్చీల కోసం!" అని తమ్ముడు కడ్డీల అవతలి నుంచి అరిచాడు. పదిమందీ తిరిగి చూశారు.

విమానం ఎక్కే చీటీ చేతికిచ్చాక అక్క వీడ్కోలు చెప్పడానికి కడ్డీల దాకా వచ్చింది. తమ్ముడికి ఒళ్లు మండింది. "ఇన్నాళ్లూ రిహార్సల్ చేశావు కదక్కా! ఒక్కటీ గుర్తులేదా?"

"నేనెక్కడ చేశాన్రా వెర్రినాగన్నా? చేసింది నువ్వు కదూ!"

"నేనా?" అన్నాడు తమ్ముడు.

"పైగదిలో నేను విదేశం వెలగబెట్టాననుకున్నావా? నేలకు చెవి ఆనించి పడుకున్నాను. నువ్వు గిన్నె కదిపితే అమ్మయ్య అనుకోవడం, కదపకపోతే హడలిపోవడం. నువ్వా కప్పులు కడిగిన చప్పుడు విన్నాకే వెళ్లడం ఖాయం చేసుకున్నా. నడుం పట్టేసింది, ఇప్పటికీ వంగలేను."

తమ్ముడు కడ్డీల సందులోంచి ఆవిడ పెట్టె పిడి తుడిచాడు. "నాకు భయంగా ఉందిరా," అంది అక్క చిన్నగా. "పో అక్కా, ఆలస్యమవుతోంది," అన్నాడు. ఇంటికొచ్చి తాళం తీసి, గుమ్మంలో కూర్చోకుండా తిన్నగా లోపలికెళ్లి పొయ్యి వెలిగించాడు.

ఆవిడ చేరిన మర్నాడు, తమ్ముడు టీ కాచుకుంటుంటే ఫోన్ మోగింది.

"ఏరా..." అంది అక్క. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "కొత్త గది. నిద్ర పట్టడం లేదు. ఒక్కదాన్నే ఉన్నాను."

"నీకక్కడ అర్ధరాత్రి కదక్కా?"

"అవున్రా. ఈసారి నిజంగానే."

తమ్ముడికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "నేను కింద గదిలో ఉన్నాననుకో. అంతే దూరం," అన్నాడు. చీపురుకర్ర తీసి, ఫోన్ పైకెత్తి పట్టుకుని కొట్టాడు. టక్, టక్.

క్షణం ఆగి ఫోన్లోంచి, ధన్, ధన్.

ఆ వెంటనే అక్కడి కింది అంతస్తులోంచి ఎవరో మగమనిషి అరుపు, మెట్ల మీద బూట్ల చప్పుడు, తలుపు దబదబ. గడియ తీసిన చప్పుడు కూడా వినిపించింది. ఆ పైన అక్క గొంతు, ఎక్కడా తడబడకుండా, ఆ దేశం భాషలో, గంట కొట్టినట్టు పలికింది:

"నేను కుర్చీల కోసం వచ్చాను!"

ఆ మనిషికి ఏమర్థమైందో గాని అరుపు టక్కున ఆగిపోయింది. ఇక్కడ తమ్ముడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. భార్య పోయాక ఆ వంటింట్లో ఆయన నవ్వడం అదే మొదలు. పొయ్యి మీద టీ అంతా పొంగిపోయింది.