అంచు సాలు మెంతికూర

రూఢిగా తెలిసినవి కొన్నే. పూతలపట్టు దాటాక తారురోడ్డు నుంచి చీలే మట్టిదారి పక్కన, ఎకరంన్నర కౌలు భూమిలో, ఒక భార్యాభర్తల జంట కూరగాయలు పండించేది. తిరుపతిలోని మా ముప్పై కుటుంబాలు విత్తనం పడకముందే ఆ పంటలో వాటా తీసుకున్నాయి. వారానికొకసారి, శనివారం ఉదయం, తోట ఏది ఇస్తే అది ఒక సంచిలో ఇంటికి రావాలన్నది ఒప్పందం. తొలి సంచిలోని మెంతికూరను నేను పరీక్షకు పంపాను. అందులో పురుగుమందు ఆనవాలు తేలింది. ఆ తోట ఇప్పుడు లేదు. ఇంతవరకు నేను పూచీ పడగలను.

భర్త ఎవరూ చూడకుండా మందు కొట్టేవాడన్నది వినికిడి. ఆ కూర అసలు వాళ్ళ తోటది కాదని, మద్రాసు లారీలో దిగిన సరుకని అన్నది కూడా వినికిడే. ఈ మాటలు అన్నవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను. తాను చూశానన్నవారు ఒక్కరూ లేరు. అందరూ ఇంకొకరి దగ్గర విన్నవారే.

నేను డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. అంగడిలో 'సేంద్రియం' అన్న ముద్ర కనబడితే ఆ ముద్ర ఎవరు వేశారని అడిగే స్వభావం నాది. మా అపార్టుమెంటులో ఈ వాటాల ఆలోచన వచ్చినప్పుడు అందరూ ఒక షరతు పెట్టారు: లెక్చరరమ్మ చూసి సరేనంటేనే చేరుతామని. తోటకు అనుమతి నా మాటే అయింది. అది నాకు కొంత గర్వంగానే అనిపించిందని ఒప్పుకోవాలి.

మొదటిసారి తోటకు వెళ్ళినప్పుడు బోరు లోతు ఎంత, పేడ ఎక్కడిది, అంతకుముందు ఆ నేలలో ఏం పండింది అని అడుగుతూ పోయాను. ఆ జంటలో తోట వ్యవహారమంతా చూసుకునేది భార్యే, యాభై ఏళ్ళ స్త్రీ. ఓపికగా జవాబులు చెప్పి, చివరికి నవ్వింది.

"ఏం మేడం, తోట సూసేదానికి వచ్చినారా, పెండ్లిసూపులకు వచ్చినారా? ఇంకా నా జాతకం ఒకటే అడగలా మీరు."

తన సంగతి ఆమె దాచలేదు. భూమి పక్కనున్న మామిడితోట యజమానిదే. ఈ ఒక్క సీజను వాటాలు కడదాకా నిలబడితే మూడేళ్ళకు కౌలు రాసిస్తానని, లేకపోతే ఆ ఎకరంన్నరలోకీ మామిడి జరుపుతానని ఆయన అన్నాడట. తొలి సంచిని పరీక్షకు పంపుతానని చెబితే ఆమె వెనకాడలేదు.

"పంపించండి. నాకేం బయం? కాకుంటే కాయితం వచ్చినాక ఉండేది ఉన్నట్ల సెప్పల్ల. పెంచొద్దు, తగ్గించొద్దు."

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్ళి ఉంటాను. 'మేడం' పోయి 'అక్కా' వచ్చింది.

కార్తీకం వానలు ఆ ఏడు వదలకుండా పట్టుకున్నాయి. నడిమి మళ్ళలో నీళ్ళు నిలిచి మొలకలు చాలావరకు కుళ్ళాయి. మామిడి పక్కనున్న అంచు మాత్రం కాస్త మెరక. అక్కడ నీరు జారిపోయి మెంతి, సిర్రాకు అనే తోటకూర, వేలంత ముల్లంగులు ముందుగా అందివచ్చాయి. తొలి కోత మొత్తం ఆ అంచు సాళ్ళదే. తొలి కోతను వాళ్ళ ఇంట అమ్మరు, వాటాలో జమ వేయరు; ఊరికే పంచుతారు. పుచ్చుకున్నవాళ్ళు ఆ పూటే వండాలి, ఆకు వాడిపోనిస్తే తోట నొచ్చుకుంటుందని ఆమె అత్తగారి కాలం నుంచి ఉన్న నమ్మకం. తోట నొచ్చుకోవడానికి ఆధారమేమిటని నేను అడగలేదు, ఆ రోజు ఆమె ముఖం చూసి.

ధాన్యం కుప్ప నుంచి నమూనా తీయడం ఎలాగో ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను: నాలుగు మూలల నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలపాలి, ఒక భాగం పరీక్షకు, ఒక భాగం మళ్ళీ చూసుకోవడానికి దాపుకు. ఆ శనివారం నా సంచిలోని మెంతికూరనే రెండు పొట్లాలు కట్టాను. పొలంలోని మూలలు నాకు గుర్తు రాలేదు. ఒక పొట్లాన్ని మంచుగడ్డల పెట్టెలో పెట్టి ప్రయోగశాలకు పంపాను. రెండో పొట్లాన్ని ఫ్రిజ్ పైఅరలో, గడ్డకట్టే చోట ఉంచాను. మధ్యాహ్నం అన్నంలోకి వచ్చిన పప్పు నోట పెట్టుకున్నాక మా అత్తగారిని అడిగాను, ఇంత మెంతికూర ఎక్కడిదని. ఆవిడకు ఎనభై దాటాయి. చెవులు మాత్రం చురుకు.

"ఆయమ్మ గడపలో నిలబడుకోని తొలికోత అని సెప్పి ఇచ్చిపోయింది. ఆ పూటే వండల్లంట. నువ్వేమో పీనుగును పెట్టినట్ల ఐసులో పెట్టినావు. నీ మిషను సెప్పేలోగా నా నాలిక సెప్పేసింది, బాగుండాది."

నేనూ నవ్వాను. రెండోసారి వడ్డించుకున్నాను.

వారం తిరగకుండా నివేదిక వచ్చింది. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు ఈ ప్రాంతంలో విరివిగా కొట్టే మందు ఒకటి మెంతికూరలో ఉంది. మోతాదు అనుమతించిన హద్దుకు లోపలే. నేను ఎంతో జాగ్రత్తగా వాక్యాలు కూర్చి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇది ఒకే నమూనా అని, మళ్ళీ పరీక్షించలేదని, హద్దు దాటలేదని, ఎలా చేరిందో తెలియదని, దీన్నిబట్టి ఎవరినీ దోషిగా ఎంచరాదని రాశాను. అయితే శాస్త్రీయ నివేదికలో ఫలితం ముందు ఉంటుంది, పరిమితులు తర్వాత వస్తాయి. నా మొదటి వాక్యం ఇది: 'మెంతికూరలో పురుగుమందు అవశేషం ఉన్నట్లు తేలింది.' సాయంత్రానికి ఆ ఒక్క వాక్యమే విడిగా తిరుగుతోంది, మిగతావి లేకుండా, మా అపార్టుమెంటు దాటి కూడా.

ఆమెకు నేను ముందుగా చెప్పలేదు. మరచిపోయి కాదు. పరీక్షకు గురైన పక్షానికి ఫలితం ముందే చేరితే దానికి మచ్చ పడుతుందన్న పాత నియమాన్ని పాటించాను. ఆ నియమం ప్రయోగశాలలకు ఏర్పడింది. శనివారం సంచులతో వచ్చే మనిషికి దాన్ని వర్తింపజేయడం నా తప్పు, అది నా చదువు వల్లే చేయగలిగిన తప్పు.

మరుసటి శనివారం ఆమె ఆటోలో ముప్పై సంచులతో వచ్చింది. చాలా గుమ్మాల దగ్గర మర్యాదగానే వద్దన్నారట: ఊరెళ్తున్నామని, ఈ వారం కూరలు ఉన్నాయని. ఒకామె మాత్రం ఫోన్ తెరిచి నా వాక్యం చూపించింది. అందరిళ్ళూ అయ్యాక మా ఇంటికి వచ్చింది. మిగిలిపోయిన సంచులు ఆటోలో నుంచి కనబడుతున్నాయి.

"మేడం," అంది. "కాయితంలో ఉండేది ఉన్నట్లే సెప్పినారు. తప్పు పట్టను. ముందు నాకొక ఫోను సేసుంటే, నేనే ఇంటింటికీ పోయి సెప్పుకుండేదాన్ని గదా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. మీరేమైనా కొట్టారా అని అడిగాను. అడిగే తీరు వేరే ఉండాలని అప్పుడే తెలిసినా అడిగాను.

"నేను కొట్టలా. ఆకుకు బంక పట్టిందని మా ఆయన యాపకషాయం కొట్టినాడు. మాకు కొట్టేదానికి ట్యాంకి లేదు. మామిడి తోటాయన ట్యాంకి అడిగి తెచ్చినాడు."

"కడిగారా?"

"కడిగినానన్నాడు."

కషాయం కొట్టిన వారమే పక్కతోటలో పూతకు మందు కొట్టారని కూడా చెప్పింది. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది: తరగతిలో నిలబడినట్టు మూడు అవకాశాలు విడమరచి చెప్పాను. గాలికి మామిడి మీది మందు అంచు సాళ్ళ మీద పడి ఉండవచ్చు. అరువు తెచ్చిన స్ప్రేయరులో పాత మందు మిగిలి ఉండవచ్చు. ఎవరైనా కావాలనే కొట్టి ఉండవచ్చు. నడిమి మళ్ళ నుంచి కొత్త నమూనాలు తీస్తే తేడా తెలుస్తుంది, అన్నీ తీసి పంపి ఫలితాలు వచ్చేసరికి రెండు వారాలు పడుతుంది అన్నాను.

"ఈ మూడిట్లో ఏదని తేలితే వాళ్ళు మళ్ళా సంచి తీసుకుంటారు మేడం?"

ఆమె తొందరపెట్టకుండా ఎదురుచూసింది. "రెండు వారాలు ఆకు నిలవదు," అని మెట్లు దిగిపోయింది. రెండు సంచులు గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఒకటి మాది, ఒకటి మా అత్తగారికని.

మళ్ళీ పరీక్ష చేయిద్దామని, అంతవరకు ఆగమని గ్రూపులో వేడుకుంటూ రాశాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకరు, మీరు ఉండబట్టి మా పిల్లలు బతికిపోయారని రాశారు. నన్ను ఎవరూ నిందించలేదు. లిఫ్టులో కనబడినవాళ్ళు కృతజ్ఞతలు చెప్పారు. వాళ్ళే సాయంత్రం బండి దగ్గర కాలీఫ్లవరు కొనుక్కుని, పరీక్షించాలన్న ఆలోచన లేకుండా, వండుకున్నారు. ఆ సంగతి పైకి అనలేకపోయాను. అంటే, నేను తోట పక్షం చేరానని అనేవారు.

సీసాలు, లేబుళ్ళు, గొడుగు సర్దుకుని నేను తోటకు వెళ్ళేసరికి నెల దగ్గరపడింది. మా అత్తగారి జ్వరం కొంత, నా వెనుకాడుతనం ఎక్కువ. నేల ట్రాక్టరుతో దున్ని ఉంది. వరుసగా గుంతలు తీసి ఉన్నాయి, కొన్నింటిలో అంటు మామిడి మొక్కలు కూడా పెట్టారు. అంచు ఎక్కడో, నడుమ ఎక్కడో గుర్తుపట్టే వీలు లేదు. తెచ్చిన సీసాలు ఖాళీగానే తిరిగి తీసుకువచ్చాను. ఆమె భర్త శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో చేరి అక్కడే గది తీసుకున్నాడని దారిలో టీ అంగడాయన చెప్పాడు. ఆమె అదే మామిడితోటలోకి కూలికి పోతోందట. ఇవి కూడా విన్నవే, కాని వీటిని అనుమానించడానికి నాకు కారణం దొరకలేదు.

ఆ స్ప్రేయరును అతను నిజంగా కడిగాడా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. మందు అణువులు ఎండకూ వానకూ విరిగిపోయి ఉంటాయి, మట్టి తిరగబడింది, దాపుకు ఉంచిన ఆకు మేమే తిన్నాం. తెలిసినవాడు ఒక్కడే, అతని ఫోను నంబరు నా దగ్గర ఉంది. ఇంతవరకు చేయలేదు. కడిగానంటే ఆ మాటను పరీక్షించే దారి లేదు. కడగలేదంటే, 'కడిగినానన్నాడు' అని నా గుమ్మంలో నిలబడి చెప్పిన మనిషికి, ఆ తోట ఎవరి చేతుల మీదుగా పోయిందో నేనే చెప్పవలసి వస్తుంది.