నీళ్ళు తగలకూడని పని

గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డు దాటాక, గంగ ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఫైబర్ గ్లాసుతో నీళ్ళ ట్యాంకులు చేసేవాళ్ళం. అప్పుడప్పుడు పడవల మీద వేసే కప్పులూ, కుర్చీలూ చేశాం గానీ ఎక్కువగా ట్యాంకులే. మా ఆయన అక్కడ రెసిన్ కలిపేవాడు. నేను మ్యాటు కత్తిరించేదాన్ని. మ్యాటంటే సన్నటి గాజు దారాలు ముక్కలుగా పరిచి అతికించిన గుడ్డలాంటిది. తెల్లగా, విప్పేసిన పరుపులో దూదిలా ఉంటుంది. చూస్తే చేత్తో నిమరాలనిపిస్తుంది. నిమిరితే మూడు రోజులు గోక్కోవాలి.

మా అత్తది మునిసిపాలిటీలో వీధులూడ్చే పని. మా లైనులో శ్రీకాకుళం నుంచి బెంగాల్‌కి వలస వచ్చిన ఇళ్ళన్నింటిలోనూ అదే పని. మా ఆయన ఒక్కడే చీపురు పట్టనని ఇటు వచ్చాడు. "మా వోడు కలపకపోతే ఆ షెడ్డులో ఒక్క ట్యాంకీ లెగదు" అని అత్త కుళాయి దగ్గర చెప్పుకొనేది.

అందులో అబద్ధం లేదు. రెసిన్ అంటే తేనెలా జారే జిగురు. దాన్ని గట్టిపరచడానికి హార్డనర్ అని ఒక మందు పోస్తారు. అది చూడ్డానికి అచ్చం మంచినీళ్ళే. సీసా మూతతో కొలిచి పోశారా, ఇక పరుగే. అచ్చుకి ముందే మైనం పూసి, పైన రంగు పూత వేసి ఉంచుతాం. ఆ పూత వేలికి జిగటగా తగులుతుండగానే మ్యాటు పరచాలి, బ్రష్షుతో రెసిన్ తాగించాలి, లోపల చిక్కిన గాలిబుడగలన్నీ ఇనప రోలరుతో నొక్కి బయటికి తోలెయ్యాలి. తెల్లటి మ్యాటు మాయమై అద్దంలా అయ్యేదాకా చెయ్యి ఆపకూడదు. ఆలస్యమైతే జిగురు డబ్బాలోనే రాయైపోతుంది. మందు ఎక్కువైతే డబ్బాలోంచి పొగ లేస్తుంది. ఏ రోజు ఎన్ని మూతలు పొయ్యాలో మా ఆయన పొద్దున్నే గోడ రేకు మీద అరచెయ్యి ఆన్చి, వేడి చూసి చెప్పేవాడు. పని అయ్యాక అచ్చు నుంచి తీసిన ట్యాంకు వెనక బల్బు పట్టుకొని చూసి, ఆవగింజంత బుడగని కూడా కనిపెట్టేవాడు. షెడ్డు పనంతా చూసే మిస్త్రీ అరవై దాటిన బెంగాలీ మనిషి, ఎవర్నీ మెచ్చుకోడు. ఆయన కూడా ఈ ఒక్క విషయంలో మా ఆయన్ని దగ్గరికి పిలిచి, "చూడు దాదా" అని బల్బు చేతికిచ్చేవాడు.

ఆ షెడ్డులో నీళ్ళు శత్రువు. తడి తగిలిన మ్యాటు రెసిన్ తాగదు. పాలు విరిగినట్టు తెల్లటి మచ్చలు పడతాయి, అక్కడ ట్యాంకు కారుతుంది. చేరిన కొత్తలో నేను కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, చీరకి తుడుచుకున్నాననుకొని మ్యాటు పట్టుకున్నాను. మర్నాడు ట్యాంకులో నీళ్ళు నింపితే అయిదు చోట్ల చెమర్చింది. మిస్త్రీ నన్ను తిట్టలేదు. అందరి ముందూ మా ఆయన్ని తిట్టాడు. "పెళ్ళానికి చేతులు తుడుచుకోవడం నేర్పు" అన్నాడు. మా ఆయన తలొంచుకు నిలబడ్డాడు. ఆ రోజు నుంచి షెడ్డులో ఉన్నంతసేపూ నా చెయ్యి నీళ్ళ వైపు పోవడం మానేసింది. దాహం వేసినా బయటికెళ్ళి, తాగి, ఎండలో చేతులు ఆరబెట్టుకొని లోపలికి వచ్చేదాన్ని.

నీళ్ళ బదులు మాకు నూనె. పొద్దున్నే మిస్త్రీ తలా ఒక గరిటెడు ఆవనూనె పోసేవాడు. మోచేతుల దాకా, మెడకీ, మొహానికీ పట్టించుకుంటే గాజు పీచు చర్మంలోకి దిగదు. రెసిన్ అంటినా ముందు నూనె, తర్వాత రంపపు పొట్టు, ఇంటికెళ్ళాకే సబ్బు. ట్యాంకు అంచులు రంపంతో కోసేటప్పుడు గాజు దుమ్ము లేచి కళ్ళలో పడేది. దానికి నా దగ్గర మందుంది. ఊరి నుంచి అత్త తెప్పించుకునే ఆముదం చిన్న సీసాలో పోసుకొని టిఫిన్ సంచిలో పెట్టుకునేదాన్ని. రెప్ప విప్పి ఒక్క చుక్క వేస్తే నలక తేలి పక్కకి వచ్చేసేది. మిస్త్రీ కూడా మంట పుట్టినప్పుడు నా ముందు కూర్చొని తల వెనక్కి వాల్చేవాడు. "బౌదీ, డాక్టరువి నువ్వే" అనేవాడు. బౌదీ అంటే వదిన. నాకది ఎంత సంతోషమో.

ఆ వైశాఖంలో ఎండలు మరీ ముదిరాయి. పొద్దున పదింటికే కరెంటు పోయింది. ఫ్యాను ఆగితే షెడ్డంతా రెసిన్ కంపు, ముక్కులో కారం పెట్టినట్టు. హార్డనర్ డబ్బా తలుపు పక్కన ఎండ పడే చోట ఉండిపోయింది. ఎవరు పెట్టారో తెలియదు. డబ్బా పొట్ట కాస్త ఉబ్బి ఉంది.

"ఏటిది, కడుపుతో ఉన్నట్టుంది" అన్నాడు మా ఆయన నవ్వుతూ.

"అయితే మంత్రసానిని పిలు మావా" అన్నాను నేను.

మూత తిప్పాడు. లోపల పట్టిన గాలి తన్నుకొచ్చి మందు మొహం మీదికి చిమ్మింది.

ఆయన రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకొని అక్కడే గొంతుక్కూర్చున్నాడు. "కళ్ళే... కళ్ళే... మండిపోతన్నాయే" అన్నాడు. నేను సంచి దగ్గరికి పరుగెత్తాను.

ట్యాంకులు మోసుకెళ్ళడానికి రేవు నుంచి కూలీ ఒకతను వచ్చి ఉన్నాడు, బీహారు మనిషి. మా పని అతనికి తెలియదు. అతనే బయటి కుళాయి కింది బకెట్టు ఎత్తుకొని పరుగెత్తుకొచ్చాడు. "పానీ డాలో, పానీ" అంటున్నాడు. నేను అడ్డం పడ్డాను. "నీళ్ళొద్దు! నీళ్ళు తగిలితే పాడైపోద్ది!" అని బకెట్టు తోసేశాను. నీళ్ళన్నీ మట్టినేల మీద పోయాయి. అతను నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. షెడ్డులోవాళ్ళు ఒక్కరూ నన్ను ఆపలేదు. వాళ్ళకీ అలాగే అలవాటైపోయింది.

నేను మా ఆయన తల ఒళ్ళో పెట్టుకొని, రెప్పలు విప్పి, ఆముదం సీసా మొత్తం రెండు కళ్ళలోనూ ఒంపేశాను. కళ్ళు గట్టిగా మూయించాను. "తగ్గిపోద్ది మావా, కదలకు, తగ్గిపోద్ది" అంటూ రెప్పల మీద మెల్లగా రుద్దాను కూడా.

తగ్గలేదు. టాక్సీ దొరికి ఆసుపత్రికి చేరేసరికి గంట దాటిపోయింది. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డం వచ్చింది. టాక్సీ డ్రైవరు కిందికి దిగి దండం పెట్టి దారి అడిగాడు. మా ఆయన నా మణికట్టు పట్టుకొని వదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసాయన. రెప్పలు ఎత్తి చూడగానే మొహం మారిపోయింది.

"జల్ దియేఛిలేన్? వెంటనే నీళ్ళతో కడిగారా?" అని నన్నడిగాడు.

బల్ల మీద పడుకున్న మా ఆయన కళ్ళు మూసుకొనే జవాబిచ్చాడు. "కడిగారు డాక్తార్‌బాబు. అనేక్ జల్. బకెట్టు బకెట్టు పోసింది."

"మరి ఈ జిడ్డేమిటి?"

"పనికి ముందు మొహానికి నూనె రాసుకుంటాం బాబూ."

డాక్టరు మా ఆయన తలకింద తొట్టి పెట్టించి, గొట్టంతో చాలాసేపు కళ్ళు కడిగించాడు. నన్ను బయటికి పంపేశారు. వరండాలో నర్సమ్మ ఒకావిడ నా పక్కన కూర్చుంది. నా ఏడుపు చూసి ఓదార్చడానికే చెప్పింది పాపం. "నువ్వు వెంటనే నీళ్ళు పోసి మంచి పని చేశావు దీదీ. ఈ మందుకి మొదటి రెండు మూడు నిమిషాలే లెక్క. తర్వాత ఎంత కడిగినా పోయింది పోయినట్టే" అంది.

కట్లు విప్పిన రోజు ఎడమ కన్ను మీద ఉడికిన గుడ్డు తెల్లసొనలా పొర కమ్మేసి ఉంది. కుడి కన్ను కొంచెం దక్కింది. వెలుతురూ, మనిషి ఆకారం తెలుస్తాయి. నేను ఎదురుగా నిలబడితే, "ఎవలు? నువ్వేనేటి?" అన్నాడు.

రెండు నెలలయ్యాక షెడ్డుకి వెళ్ళాడు. మిస్త్రీ కాదనలేదు, రోలరు చేతికిచ్చాడు. కళ్ళకి బుడగలు కనబడక, తడిగా ఉన్న రెసిన్ మీద అరచెయ్యి పెట్టి వెతికేవాడు. చేతులనిండా గాజు దిగేది. ఒకరోజు మిస్త్రీ వచ్చి రోలరు మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. మా ఆయన మళ్ళీ వెళ్ళలేదు.

ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"డాక్టరుకి అబద్ధం ఎందుకు సెప్పినావు మావా?"

"నిజం సెప్తే కళ్ళొచ్చేత్తాయేటి?"

"నాను పోసింది నూనె. ఆ కూలీ నీళ్ళు తెచ్చినాడు. నానే తోసీసినాను."

"తెలుసు. ఇనబడింది గదా. అమ్మకి మాత్రం సెప్పకు. నిన్ను బతకనివ్వదు" అన్నాడు.

చెప్పలేదు. ఆసుపత్రిలో ఆయన చెప్పిన మాటే లైనంతా పాకింది. అత్త పోయేదాకా, ఇంటికి ఎవరొచ్చినా నన్ను దగ్గరికి పిలిచి చెప్పేది. "మా కోడలు ఉండబట్టి సరిపోనాది తల్లీ. బకెట్లు బకెట్లు నీళ్ళు కుమ్మరించింది. అందుకే మా వోడికి ఆ ఒక్క కన్నయినా దక్కింది." వచ్చినవాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూసేవాళ్ళు. మంచం మీంచి మా ఆయన, "ఊరుకోయే అమ్మా, ఎన్నిసార్లు సెప్తావు" అనేవాడు. నేను టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.